తూర్పు కనుమలు: రాతిలో మిగిలిన చరిత్ర

చరిత్రకు శాసనాలు, నాణేలు, గ్రంథాలు ఆధారాలని మీకు తెలుసు. మనిషి పుట్టకముందు జరిగినవాటికి అవేవీ ఉండవు. అక్కడ రాయే ఆధారం. దాన్ని ఎలా చదవాలో తూర్పు కనుమల ఉదాహరణతో తెలుసుకుందాం.

విశాఖపట్నంలోని కైలాసగిరి, సింహాచలం కొండలు ప్రధానంగా ఖోండలైట్ అనే రూపాంతర శిలతో ఏర్పడ్డాయి. 1902లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన టి.ఎల్. వాకర్ కలహండి ప్రాంతపు శిలలను వర్ణిస్తూ, అక్కడి ఖోండుల పేరును ఈ రాతికి పెట్టాడు. రాయి ఎలా ఉందో ఆయన చెప్పగలిగాడు. అలా ఎందుకు మారిందో వివరించే సిద్ధాంతం అప్పటికి లేదు. వెజినర్ ఖండచలన సిద్ధాంతాన్ని 1912లో ప్రతిపాదించాడు. భూపలకల సిద్ధాంతం 1960వ దశకంలో గాని స్థిరపడలేదు.

ఈ రాతిలో ఎర్రని గార్నెట్ గింజలు, సన్నని సూదుల వంటి సిల్లిమనైట్, నల్లగా మెరిసే గ్రాఫైట్ ఉంటాయి. సిల్లిమనైట్‌కు కావలసిన అల్యూమినియం బంకమట్టిలో సమృద్ధిగా దొరుకుతుంది. గ్రాఫైట్ చాలావరకు ఆ మట్టిలో కలిసిన సేంద్రియ పదార్థపు కార్బన్. అంటే ఈ కొండరాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద అన్నమాట.

సుమారు 100-90 కోట్ల సంవత్సరాల క్రితం నేటి భారతదేశపు తూర్పు అంచు, తూర్పు అంటార్కిటికా భూభాగం ఢీకొన్నాయి. భూపటలం ముడతలు పడి మందమైంది. పై పొరలు పర్వతాలుగా లేచాయి, అడుగు పొరలు లోతుకు కుంగాయి. దాదాపు 25-30 కిలోమీటర్ల లోతున, అనేక చోట్ల 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో, ఆ బురదరాయి కొంత కరిగి, మిగిలినది కొత్త ఖనిజాలుగా మారింది. జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం సీసంగా మారిన పరిమాణాన్ని బట్టి ఈ కాలాన్ని లెక్కిస్తారు. చాలాకాలం తర్వాత, సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం, అంటార్కిటికా మన నుంచి విడిపోయింది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఆనాటి శిఖరాలే అరిగి నేటి కొండలయ్యాయని చాలామంది రాస్తారు. నిజానికి ఆ శిఖరాలు ఏనాడో కొట్టుకుపోయాయి. పైభాగం అరిగినకొద్దీ బరువు తగ్గి, అడుగుభాగం పైకి లేచింది. మీరు కైలాసగిరి ఎక్కి నిలబడేది ఆ పర్వతాల వేరుభాగం మీద. దాదాపు 5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైన తాకిడి ఇంకా సాగుతున్న హిమాలయాల్లో ఆ వేరు చాలావరకు లోతులోనే ఉంది.

వాకర్ చూసిన రాయి, నేటి శాస్త్రజ్ఞులు చూసే రాయి ఒకటే. వారు అడిగే ప్రశ్నలు మారాయి. ఏ చారిత్రక ఆధారానికైనా ఇది వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఖోండలైట్ బురద నుంచి పుట్టిందని ఏ ఖనిజాలు సూచిస్తాయి? కారణాలతో 5 వాక్యాల్లో రాయండి.