కంప్యూటరు సవరణల కథ

హనుమకొండనుండి భూపాలపల్లికి పోవు దారిలో పరకాల యున్నది. 2025వ సంవత్సరమున దసరా మఱునాడు ఆ యూరిలో మా మిత్రులొకరి యింటికి పోయితిమి. వారు విశ్రాంత ఉపాధ్యాయులు. వారి ముందుగదిలో ఒక మూల కంప్యూటరు కలదు. భూమి కాగితముల నకళ్లు, పింఛను పత్రములు, కుమార్తె పెండ్లినాటి ఛాయాచిత్రములు, మనుమరాలి పాఠములు అన్నియు అందులోనే యున్నవి. మేము మాటలాడుచుండగా తెరమీద ఒక ప్రకటన వెలిగెను. సవరణలు వచ్చియున్నవి, ఇప్పుడు చేయుదమా, తరువాత చేయుదమా అని దాని ప్రశ్న. మిత్రులు 'తరువాత' అనుదానిని నొక్కి, మావైపు తిరిగి నవ్విరి.

"అది దినాము అడుగుతనే ఉంటది సార్, మేము తరువాత అంటనే ఉంటం."

ఆ 'తరువాత' అను మాట లోకమునకు ఎంత ఖరీదైనదో కొంత చరిత్ర కలదు.

తొలినాటి కంప్యూటర్లకు ఆదేశములను కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడిచి అందించెడివారు. 1944లో పని ప్రారంభించిన హార్వర్డ్ మార్క్ 1 యంత్రము అట్టిదే. రంధ్రము తప్పుగా పడినచో దానిపై కాగితపు ముక్క అంటించి మూసెడివారు. తరువాతి కాలమున తయారీదారులు సవరించిన పట్టీ ముక్కను పంపగా, యంత్రము గలవారు పాత భాగమును కోసి క్రొత్తదానిని అతికించుకొనెడివారు. సవరణకు 'ప్యాచ్', అనగా అతుకు, అను పేరు ఆ విధముగా స్థిరపడినది. టేపును బ్లేడుతో కోసి అతికించిన మా స్టూడియోల పాతతరమువారికి ఈ మాట వివరింప నక్కరలేదు.

అతుకు వేయుటలో తెలుగువారి చేయి చిన్నది కాదు. సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిన పాత ప్రోగ్రాములు 2000ను 1900గా పొరబడునని లోకమంతయు భయపడిన కాలమున, హైదరాబాదు అమీర్‌పేట శిక్షణాలయములలో మన యువకులు కోబాల్ భాష నేర్చి అమెరికాకు విమానమెక్కిరి. అమెరికా ప్రభుత్వము 1998నాటి చట్టముచే హెచ్1బి వీసాల వార్షిక పరిమితిని 65,000నుండి 1,15,000కు పెంచినది. 2000 జనవరి 1న చెప్పుకొనదగిన ఉపద్రవ మేమియు జరుగలేదు. ఏమియు జరుగలేదు గనుక ఆ భయమంతయు బూటకమని నవ్వినవారు కలరు. సరిగా జరిగిన మరమ్మతుకు సాక్ష్యముండదు. అదియే దాని దురదృష్టము.

మరమ్మతు చేయనిదానికి మాత్రము సాక్ష్యములు కావలసినన్ని. 2003 జనవరిలో ప్రబలిన స్లామర్ అను పురుగుకు విరుగుడు 2002 జూలైలోనే వచ్చియుండెను. అదే 2003 ఆగస్టున బ్లాస్టర్ వచ్చినది. దాని విరుగుడు వచ్చి అప్పటికి నాలుగు వారములైనను నిండలేదు. వ్యవధి ఇట్లు తగ్గుటకు కారణము కలదు. సవరణ ప్రకటించుటయనగా లోపమెచ్చట నున్నదో చాటుటయే. దానిని చదువువారిలో దొంగలును ఉందురు. చెఱువుల సీమయైన వరంగల్లు ప్రాంతమువారికి చెప్పవలెనన్న, కట్టకు బొక్క పడినదని నీరడి ఊరంతటికి చాటిన పిమ్మట ఆ రాత్రియే పూడ్చవలెను. 2003 అక్టోబరునుండి మైక్రోసాఫ్టు సంస్థ నెలకొక మంగళవారమును సవరణలకు నియమించినది.

2017 మార్చి 14వ తేదీ మంగళవారము. విండోస్ యంత్రములు తమలో తాము ఫైళ్లు పంచుకొను విధానములో నున్న ఒక పెద్ద లోపమునకు ఆనాడు సవరణ విడుదలైనది. ఆ లోపమును వాడుకొను ఆయుధమును అమెరికా జాతీయ భద్రతా సంస్థ రహస్యముగా తయారుచేసికొనియుండెను. ఏప్రిల్ 14న 'షాడో బ్రోకర్స్' అను ముఠా దానిని బయట పెట్టినది. మే 12న, అనగా సవరణ వచ్చిన 59 దినములకు, వన్నాక్రై లోకముపై పడినది. ఎవరును ఏ ఉత్తరమును తెరువ నక్కరలేకయే అది యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి, ఫైళ్లను తాళము వేసినట్లు గూఢలిపిలోనికి మార్చి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ ఇమ్మని తెరపై వ్రాసెడిది; మూడు దినములు దాటినచో 600. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు చిక్కినవి. ఇంగ్లండులోని ఆసుపత్రులు రోగులను మరలించినవి.

ఆ పురుగు మన యింటికిని వచ్చినది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దాని వాత పడినట్లు పత్రికలు ప్రకటించినవి. తిరుమల తిరుపతి దేవస్థానముల కంప్యూటర్లు కొన్నియు దెబ్బతినినవి. దొంగలను పట్టువారి పత్రములనే దొంగలు తాళము వేసిరి. మార్కస్ హచిన్స్ అను 22 ఏండ్ల ఆంగ్ల యువకుడు ఆ ప్రోగ్రాములో దాగిన ఒక ఇంటర్నెట్ చిరునామాను తన పేర నమోదు చేయగా దాని వ్యాప్తి ఆగినది.

నాడు అందరును మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీని నిందించిరి. పిదప కాస్పర్‌స్కీ సంస్థ లెక్క చూడగా, చిక్కిన యంత్రములలో నూటికి 98 విండోస్ 7వి. వాటికి మార్చినుండియు సవరణ సిద్ధముగానే యున్నది. ముసలియంత్రముల తప్పుకంటె, చేయగలిగియు చేయనివారి తప్పే పెద్దదని మా అభిప్రాయము.

అయినను వారిని వట్టి సోమరులనుట న్యాయము కాదు. ఇంటర్నెట్టు ఖరీదుగా నున్న దినములలో సవరణ యనగా డబ్బు ఖర్చు. మన ఊళ్ల దుకాణములలో చౌకగా వేయించుకొన్న దొంగ ప్రతులలో సవరణలను ముందే ఆపివేసెడి అలవాటు కలదు. మా మిత్రుల యంత్రమును అమ్మినవాడును, సవరణలు చేసినచో యంత్రము నెమ్మదించునని వారికి బోధించి పోయెనట.

సవరణయే కీడు చేసిన దినమును కలదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన తప్పుడు సవరణవలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో నిలిచిపోయినవి. పొరపాటును 78 నిమిషములలో ఉపసంహరించుకొన్నను ఫలము లేకపోయెను. హైదరాబాదు విమానాశ్రయమున ఒక ప్రయాణికునకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చిరి. దాని చిత్రము దేశమంతయు చూచినది. చెడినవి ఆ సంస్థ సరకును వాడు కార్యాలయముల యంత్రములేకాని ఇండ్లలోనివి సాధారణముగా కావు. సవరణకు ముందు ముఖ్యమైన ఫైళ్లకు వేరొక ప్రతి తీసి పెట్టుకొనుట మేలని మాత్రము ఆ దినము తెలిపినది.

పరకాలలో మేమును అదే చేయించితిమి. మనుమరాలు ఛాయాచిత్రములను, కాగితములను ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి దానిని బీరువాలో పెట్టినది. పిదప మిత్రులు 'ఇప్పుడు' అనుదానిని నొక్కిరి. మధ్యాహ్న భోజనము, ఒక కునుకు, రెండు మారులు టీ అయినవి. యంత్రము మూడుమారులు ఆరి వెలిగినది. అది విండోస్ 10 యంత్రము. అక్టోబరు 14తో దాని సాధారణ మద్దతు ముగియనుండెను; పాతదగుటచే విండోస్ 11ను అది స్వీకరింపదు.

"మరి దీన్ని పారెయ్యాల్నా సార్?" అని వారడిగిరి.

మైక్రోసాఫ్టు ఖాతాతో నమోదు చేసికొన్నచో భద్రతా సవరణలు మరియొక యేడు, 2026 అక్టోబరు 13 వరకు, వచ్చునని చెప్పితిమి. మనుమరాలు అప్పుడే నమోదు చేసినది. మిత్రులు లేచి, గ్యాసు బండ వచ్చిన తేదీలు వ్రాసికొను తలుపు వెనుక ఆ తేదీనికూడ పెన్సిలుతో వ్రాసిరి.