హైదరాబాదుది కాని ఉస్మానియా

ఉస్మానియా అనగానే మనకి హైదరాబాదే గుర్తొస్తుంది. కర్నూల్లో ఇంకో ఉస్మానియా ఉంది. 1947లో మొదలైన కాలేజీ. దాని వెనకున్నది ఒక మాస్టారు.

ఆయన డాక్టర్ అబ్దుల్ హక్. కర్నూలు మనిషి. పేరు ముందుండే ‘అఫ్జలుల్ ఉలమా’ ఎవరో కప్పిన బిరుదనుకుంటారు చాలామంది. అది అరబీ చదివి తెచ్చుకున్న పట్టా. మద్రాసులో మహమ్మడన్ కాలేజీకీ, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీకీ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

కర్నూలు ముస్లింల చరిత్ర అంటే మనవాళ్లు నవాబుల దగ్గర మొదలెట్టి, 1839లో కంపెనీ వాళ్లు గులాం రసూల్ ఖాన్‌ని దించేయడంతో ఆపేస్తారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. దర్బారు పోయింది, ఫార్సీ వచ్చినవాడికి కొలువు పోయింది. కచేరీలో కావాల్సింది ఇంగ్లీషు. పై చదువుకి సీమలో 1916లో అనంతపురంలో పెట్టిన కాలేజీ లాంటివి ఏ కొన్నో, లేదంటే మద్రాసు. దర్జీ కొడుక్కి మద్రాసులో తిండి ఎవరు పెడతారు, గది అద్దె ఎవరు కడతారు? మద్రాసులో ఎంత మంచి మాస్టారున్నా, అక్కడిదాకా రాగలిగిన పిల్లాడికే కదా ఉపయోగం. హక్ గారు కాలేజీనే పిల్లాడి ఊరికి తెచ్చారు. ఆయన పాండిత్యం కన్నా నాకు ఈ లెక్క గొప్పగా కనిపిస్తుంది.

1953లో కర్నూలు రాజధాని అయింది. 1956లో రాజధాని హైదరాబాదు వెళ్లిపోయింది. కాలేజీ మాత్రం ఊళ్లోనే ఉంది. 2016లో ఆయన పేరుతో ఇక్కడే ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. సంతోషమే. కానీ పిల్లాడి సంగతి పేరుతో తేలదు, క్లాసులో తేలుతుంది.

ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, బడిలో పుస్తకాల ఉర్దూ, కాలేజీకొచ్చేసరికి ఇంగ్లీషు. ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాడు మొదటి ఆర్నెల్లు వెనక బెంచీలో నోరు విప్పడు. మొద్దు అనేస్తారు. నాలుగు భాషల మధ్య తిరిగేవాడు మొద్దెలా అవుతాడు? ఆ ఆర్నెల్లలో ‘సమజ్ మే నై ఆయా క్యా రే?’ అని ఇంటి మాటలో అడిగే లెక్చరర్ దొరికితే నిలబడతాడు. దొరక్కపోతే పరీక్ష ఫీజు కట్టే రోజుకి ఏ మెకానిక్ షెడ్డులోనో ఉంటాడు.

ఆడపిల్లయితే ఆ ఆర్నెల్ల దాకా కూడా ఆగదు. కాలేజీ ఊళ్లోనే ఉందా, బస్సెక్కాలా అన్న దగ్గరే తేల్చేస్తారు ఇంట్లో.