పట్టికలో దొరకని కర్ణుడు: ‘ఫేట్’ ధారావాహిక, వయోజన అభిమాని, అజుమా హిరోకితో ఒక పేచీ

జపాన్ అనిమే అభిమానుల గురించి ఎవరు రాసినా మొదటి పేజీలోనే విమర్శకుడు అజుమా హిరోకికి దణ్ణం పెట్టుకుని ముందుకు కదలడం ఆచారమైపోయింది. 2001లో జపనీస్‌లో వచ్చిన ఆయన పుస్తకం 2009లో ఇంగ్లీషులోకి వెళ్లాక ఆ ఆచారానికి తిరుగులేకుండా పోయింది. ఆయన చెప్పినదాని సారం ఇది. అభిమానికి కథతో పని తీరిపోయింది. పాత్రను పిల్లి చెవులు, పచ్చజుట్టు, మెడలో గంట, పనిపిల్ల దుస్తులు అని విడిభాగాలుగా ఊడదీసి, ఆ భాగాల డేటాబేస్‌లోంచి తనకు కావలసింది ఏరుకుని తృప్తి పడుతున్నాడు. ఆకలేసినప్పుడు తిని ఊరుకునే జంతువుకూ అతనికీ తేడా లేదు. ‘జంతువు’ అనే మాట తత్త్వవేత్త కోజెవ్ దగ్గర అరువు తెచ్చుకున్నదే అయినా, అభిమాని నుదుటి మీద దాన్ని అంటించినవాడు మాత్రం అజుమానే.

నా అభ్యంతరం ఆ మాట పరుషంగా ఉందని కాదు. అజుమా అభిమానుల్ని మూడు తరాలుగా విడగొట్టాడు. 1960 ప్రాంతంలో పుట్టినవాళ్లు మొదటి తరం, 1970 ప్రాంతం వాళ్లు రెండో తరం, 1980 ప్రాంతం వాళ్లు మూడో తరం. జంతువులన్నది ఈ మూడో తరాన్నే. పుస్తకం వచ్చేనాటికి వాళ్ల వయసు ఇరవై చుట్టుపక్కల. ఇవాళ వాళ్లకు నలభై దాటింది. ఉద్యోగాలున్నాయి, ఇంటి అప్పులున్నాయి, పిల్లల ఫీజులున్నాయి. అయినా రాత్రి పదకొండు దాటాక అదే ఆట తెరుస్తున్నారు, అదే కథ సినిమాగా వస్తే టికెట్టు కొంటున్నారు. ఇరవయ్యేళ్ల కుర్రవాడిని చూసి రాసిన సిద్ధాంతాన్ని నలభై అయిదేళ్ల మనిషికి యథాతథంగా తగిలించి, మళ్లీ ఒకసారి వెళ్లి చూసిన పాపాన పోలేదు ఆయన అనుయాయులు.

అజుమాకు ముందు 1989లో మరో విమర్శకుడు ఓత్సుకా ఎయిజి ఇంకో మాట చెప్పాడు: చాక్లెట్ పొట్లంలో దొరికే స్టిక్కర్‌ని పిల్లలు పోగుచేసేది స్టిక్కర్ కోసం కాదు, దాని వెనకున్న పెద్ద కథాలోకం కోసం అని. అజుమా దాన్ని పాతకాలపు మాటగా పక్కన పెట్టాడు. ఓత్సుకా దగ్గర కనీసం కథ అనేది మిగిలి ఉంది. 2007లో అజుమా ఇంకో పుస్తకం రాసి, ఆటగాడు ఒకే కథను మళ్లీ మళ్లీ బతకడం గురించి కొంత సర్దుబాటు చేసుకున్న మాట నిజమే. కానీ లోకం పట్టుకు వేలాడుతున్నది 2001 నాటి పుస్తకాన్నే.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ అనిమే చూసే మధ్యవయస్కులతో మాట్లాడినప్పుడు నాకు తట్టిన అనుమానం ఈ వ్యాసానికి మూలం. పాత్రల గురించి అడిగితే వాళ్లు సంవత్సరాల గురించి చెబుతారు. ఫలానాది ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో చూశాననీ, మళ్లీ పెళ్లయ్యాక చూస్తే వేరేగా కనిపించిందనీ అంటారు. పిల్లి చెవుల ప్రస్తావన రాదు. వయోజన అభిమాని ఆస్వాదనకు మూలం, ముగింపు తెలిసిన కథ తన వయసుతో పాటు నడుస్తూ రావడమే అన్నది నా ప్రతిపాదన. దాన్ని నిలబెట్టడానికి ‘ఫేట్’ ధారావాహికను మించిన సాక్ష్యం లేదు.

మూడు దారులు, ఒకే యుద్ధం

నాసు కినొకో రాయగా తకేఉచి తకాషి బొమ్మలు గీసిన ‘ఫేట్/స్టే నైట్’ను టైప్-మూన్ 2004 జనవరిలో కంప్యూటర్ మీద చదివే ఆటగా విడుదల చేసింది. అది పెద్దలకు మాత్రమే అని ముద్ర వేసుకుని వచ్చిన సరుకు. ఒకే పవిత్రపాత్ర కోసం ఏడుగురు మాంత్రికులు, ఏడుగురు పురాణవీరులు చేసే ఒకే యుద్ధం అందులో మూడు దారుల్లో సాగుతుంది. మొదటి దారి ముగిస్తేనే రెండోది, రెండోది ముగిస్తేనే మూడోది తెరుచుకుంటాయి. అంటే ఎవరు ఎవరో తెలిసిన తర్వాతే అసలు చదువు మొదలవుతుంది. తెలియడం ఇక్కడ అడ్డంకి కాదు, అర్హత.

రెండో దారిలో బయటపడే రహస్యం చూడండి. న్యాయం కోసం నిలబడాలని కలలు కనే కుర్రవాడు ఎమియా షిరో. అతన్ని అడుగడుగునా ఎద్దేవా చేసే వీరుడు ఆర్చర్. ఆ ఆర్చర్ మరెవరో కాదు, ఆ కలను చివరిదాకా మోసి విసిగిపోయిన షిరోయే. తన కుర్రతనాన్ని తన చేతులతోనే చంపుకోవడానికి వచ్చాడు. 2004లో ఇరవై నాలుగేళ్ల పాఠకుడు షిరో పక్షాన నిలబడి ఉంటాడు. అదే కథ 2010లో సినిమాగా వచ్చింది, 2014-15లో యుఫోటేబుల్ సంస్థ తీసిన టీవీ ధారావాహికగా వచ్చింది. అప్పటికి పాఠకుడికి ముప్పై అయిదు. ఇప్పుడతను ఎవరి పక్షాన ఉన్నాడు? కథలో ఒక్క సంఘటన మారలేదు, మారింది చూసేవాడి వయసు. షిరోకూ ఆర్చర్‌కూ మధ్య ఉన్న దూరాన్ని అతను ఈలోగా స్వయంగా నడిచి వచ్చాడు.

మూడో దారి ‘హెవెన్స్ ఫీల్’ మూడు సినిమాలైంది. మొదటిది 2017లో, రెండోది 2019లో వచ్చాయి. మూడోది 2020 మార్చికి రావలసింది, కోవిడ్ వల్ల ఆగి ఆగస్టులో విడుదలైంది. ఆ మూడో సినిమా కోసం మాస్కు కట్టుకుని థియేటర్‌లో కూర్చున్న పాత అభిమానికి ముగింపు పదహారేళ్లుగా తెలుసు. ఏం జరుగుతుందోనన్న ఆత్రుతతో వెళ్లలేదు. జరగబోయేది తెలిసినందువల్లే వెళ్లాడు. డేటాబేస్ సిద్ధాంతం దీనికేం సమాధానం చెబుతుంది? జుట్టు రంగు చూసుకోవడానికి పదహారేళ్లు ఆగనక్కర్లేదు.

చక్రం కుంగిన చోటు

2015 జులై 30న ఆండ్రాయిడ్ ఫోన్లలో మొదలైన ‘ఫేట్/గ్రాండ్ ఆర్డర్’ ఈ లోకాన్ని మొబైల్ గేమ్‌గా మార్చింది. తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించే విషయం ఇక్కడే ఉంది. అందులో కర్ణుడున్నాడు, అర్జునుడున్నాడు, అశ్వత్థామ ఉన్నాడు. కర్ణుడు అంతకుముందే 2013 నాటి ‘ఫేట్/ఎక్స్‌ట్రా సీసీసీ’లో కనిపించాడు. ‘ఫేట్/అపోక్రిఫా’ నవలల్లోనూ, 2017 నాటి దాని అనిమేలోనూ ప్రధాన వీరుల్లో ఒకడు.

అజుమా పద్ధతిలో కర్ణుణ్ణి ఊడదీద్దాం. తెల్లజుట్టు, పాలిపోయిన ఒళ్లు, బంగారు కవచం, ముక్తసరి మాట. నాలుగు గడులు నిండాయి. కర్ణుడు దొరికాడా? అతని ఆయుధం సంగతి చూడండి. ఇంద్రుడిచ్చిన వాసవీశక్తిని ప్రయోగించాలంటే కవచాన్ని వదులుకోవాలి. ఎర్రన ఆంధ్రభారతంలో కుండలాహరణం చదివినవాడికి ఆ కవచం ఎందుకు పోయిందో, శక్తి ఎందుకు వచ్చిందో, అది చివరికి ఎవరి మీద ఖర్చయిందో తెలుసు. జపనీస్ ఆటలో ఒక బొత్తాం నొక్కితే వచ్చే దాడి వెనక అరణ్యపర్వం నుంచి ద్రోణపర్వం దాకా నడిచిన విషాదం ఉంది. అది తెలియనివాడికి అగ్ని కనిపిస్తుంది. తెలిసినవాడికి ఇచ్చేసిన చెయ్యి కనిపిస్తుంది.

అర్జునుడి సంగతి ఇంకా బలమైన ఆధారం. ఈ ఆటలో అర్జునుణ్ణి లోలోపల తినేసేది ఒక్కటే: రథచక్రం కుంగినప్పుడు, చేతిలో ఆయుధం లేని కర్ణుడి మీద బాణం వెయ్యడం. 2016లో అమెరికా నేపథ్యంగా వచ్చిన అధ్యాయంలో ఇద్దరూ మళ్లీ తలపడతారు. 2019 జూన్‌లో వచ్చిన ‘యుగక్షేత్ర’లో అర్జునుడు దేవతలందర్నీ తనలో కలిపేసుకుని ఏకైక దైవమై, లోకంలో దోషం ఉన్న ప్రతిదాన్నీ తుడిచేస్తూ యుగాల్ని తిప్పుతుంటాడు. రూపం మారిపోయింది. పట్టికలో పాత గడులు ఒక్కటీ పనికిరావు. అయినా ఆటగాడు అతన్ని అర్జునుడిగానే గుర్తుపడతాడు, ఎందుకంటే ఆ చక్రం ఇంకా అక్కడే కుంగి ఉంది. దోషాన్ని లోకంలోంచి చెరిపేయాలనుకునే దేవుడు నిజానికి చెరపాలనుకుంటున్నది ఏ దోషాన్నో భారతం తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. కర్ణుడు మళ్లీ ఎదురు నిలుస్తాడు. జుట్టు రంగు మార్చినా అర్జునుడు మిగిలాడు. చక్రాన్ని తీసేస్తే మిగలడు. ‘ఫేట్’ నాయిక సేబర్‌కు ఈత దుస్తుల నుంచి శాంటా వేషం దాకా లెక్కలేనన్ని రూపాలు అమ్ముతున్నారు కదా అనవచ్చు. అది కంపెనీ వ్యాపారం, అభిమాని రసం కాదు.

అదే ‘యుగక్షేత్ర’లో గణేశుడి శక్తిని ఆవాహన చేసుకున్న ఒక ఆడమనిషి ఉంది. పేరు జినాకో. ‘సీసీసీ’లో కర్ణుడికి యజమాని ఆమే. ఇల్లు కదలకుండా ఆటలాడుకుంటూ కూర్చునే మనిషి, తన వయసు మీద తనకే దిగులు. దాతల్లో మేటి అయిన కర్ణుణ్ణి రచయిత ఎవరి పక్కన నిలబెట్టాడో గమనించాలి: లోకం దేనికీ పనికిరాదని తేల్చిన వయోజన అభిమాని పక్కన. సూతపుత్రుడని వెలివేసినవాడికే ఆమె విలువ తెలుస్తుంది. ఈ ధారావాహిక తన అభిమానిని తానే కథలో కూర్చోబెట్టి గౌరవించింది. సిద్ధాంతకర్త జంతువన్నవాడిని రచయిత కర్ణుడి చెలిమికి తగినవాడన్నాడు.

2016 డిసెంబరు

మొబైల్ గేమ్ మరో పని చేసింది. కథాకాలాన్నీ ఆటగాడి కాలాన్నీ ఒకటి చేసింది. ‘గ్రాండ్ ఆర్డర్’ మొదటి భాగంలో మానవచరిత్ర 2016తో దగ్ధమైపోతుంది. దాన్ని ఆ ఏడాది దాటేలోగా నిలబెట్టాలి. చివరి అధ్యాయం నిజంగానే 2016 డిసెంబరు చివరి వారాల్లో విడుదలైంది. డెబ్బై రెండు దయ్యపు స్తంభాల మీద జపాన్‌లోని ఆటగాళ్లందరూ ఒకేసారి, ఉమ్మడిగా దాడి చేశారు. ఒక్కరు కూల్చింది అందరి ఖాతాలో తగ్గేది. ఆఫీసు సెలవులకు ముందు రోజుల్లో, రైళ్లలో నిలబడి, ఫోన్లు పట్టుకుని ఆ ఏడాదిని దాటించారు. బార్బటోస్ అనే స్తంభం మిగతావాటికంటే ముందే కూలిందీ, దానికి కారణం అందులోంచి దొరికే విలువైన సామగ్రి మీద ఆశేననీ అందరికీ తెలిసిన సంగతే. అయినా యుద్ధంలో దోపిడి ఉన్నంత మాత్రాన అది యుద్ధం కాకుండా పోదు.

ఆ చివరి అధ్యాయమే అనిమే సినిమాగా 2021 జులై 30న, సరిగ్గా ఆట ఆరో వార్షికోత్సవం నాడు థియేటర్లకు వచ్చింది. కథలో ఆటగాడికి తోడుగా ఉన్న డాక్టర్ రోమన్ తనను తాను ఆహుతి చేసుకుంటాడని హాల్లో కూర్చున్న వాళ్లకు అయిదేళ్లుగా తెలుసు. ఈ అయిదేళ్లలో వాళ్లకు ఉద్యోగాలు మారాయి, ఇళ్లలో చావులు జరిగాయి, కోవిడ్ వచ్చింది. వాళ్లు తెర మీద చూసింది రోమన్ వీడ్కోలును మాత్రమే కాదు, ఆ వీడ్కోలు మొదటిసారి విన్న డిసెంబరును కూడా. ఇక డబ్బు కట్టి లాటరీలా వీరుల్ని తీసే గాచా సంగతి, అయిదు నక్షత్రాల వీరుడు దొరికే అవకాశం ఒక్క శాతమే కావడం, నిర్దిష్ట సంఖ్య దాటితే తప్పక దొరికే ఏర్పాటు 2022 దాకా లేకపోవడం ఆర్థికశాస్త్రజ్ఞులు చూసుకోవలసిన విషయాలు.

పట్టిక మనకు కొత్తదా?

అజుమా కనిపెట్టానన్న డేటాబేస్ మన ఆలంకారికులకు ఎప్పటి నుంచో ఉన్నదే. అష్టవిధ నాయికలు, నాయకుల్లో ధీరోదాత్తాది భేదాలు, ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు పట్టిక కాక మరేమిటి? ప్రబంధకవి ఆ పట్టికలోంచే ఏరుకున్నాడు, పాఠకుడికీ ఆ పట్టిక కంఠతా వచ్చు. అయితే వాసకసజ్జికను గుర్తుపట్టడమే రసానుభవమని మనలో ఏ లాక్షణికుడూ అనలేదు. పట్టికలో ఉండేది ఆలంబనం. స్థాయి సహృదయుడిలో ఉంటుంది, అది వాసనారూపంలో ఏళ్ల తరబడి పోగుపడి ఉంటుంది. అజుమా ఆలంబనాల జాబితా రాసి రసచర్చ పూర్తయిందనుకున్నాడు.

తెలిసిన కథ దగ్గర రసం ఎందుకు చిక్కబడుతుందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. తిరుపతి వెంకట కవుల రాయబారం విఫలమవుతుందని తెలియక ఎవరూ రాత్రంతా నాటకం చూడలేదు. తెలిసే ‘వన్స్ మోర్’ అన్నారు. 1977లో ‘దానవీరశూరకర్ణ’కు వెళ్లినవాళ్లలో కర్ణుడు బతుకుతాడేమోనని వెళ్లినవాళ్లెవరు? 2024లో ‘కల్కి 2898 ఏడీ’ చివర భైరవుడు కర్ణుడని తేలినప్పుడు హాళ్లలో లేచిన కేకలు కొత్త సమాచారానికి వచ్చినవి కావు. ఆ సినిమా 2025 జనవరిలో జపాన్ థియేటర్లకు చేరింది. కర్ణుణ్ణీ అశ్వత్థామనూ ఏళ్లుగా ఫోన్‌లో మోస్తున్న ప్రేక్షకులు అక్కడ ముందే సిద్ధమై ఉన్నారు.

ఇది ఒక్క ‘ఫేట్’కే పరిమితమైన లక్షణం కాదు. ‘డీమన్ స్లేయర్’ మాంగా 2020 మేలో ముగిసింది. ఆ ముగింపు పోరాటాన్ని చూపే ‘ఇన్ఫినిటీ కాజిల్’ 2025లో వచ్చింది, సెప్టెంబరులో మన దగ్గర తెలుగు డబ్బింగ్‌తో సహా విడుదలైంది. ఎవరు చనిపోతారో అయిదేళ్లుగా తెలిసినవాళ్లే తెల్లవారుజాము ఆటలకు బారులు తీరారు. కాబట్టి అనిమే అయినా, ఆట అయినా, సినిమా అయినా, ఆస్వాదన అనేదే వయోజనుడి విద్య. చిన్నపిల్లలకు దక్కేది కుతూహలం మాత్రమే. పెద్దయ్యాక కూడా బొమ్మలేమిటని అడిగేవాళ్లు ప్రశ్నను తలకిందులుగా పట్టుకున్నారు. పెద్దవాళ్లు కాకముందు ఆ బొమ్మల్లో ఎవరికైనా ఏం అందిందని అడగాలి.

ఈ రంగంలో పనిచేయబోయే పరిశోధక విద్యార్థులు పాత్రల లక్షణాలకు జాబితాలు కట్టడం ఇక మానాలి. అభిమానిని మొదట అడగవలసింది ఆ కథను ఏ ఏడు మొదటిసారి చూశాడు, తర్వాత ఎన్నేళ్లకు మళ్లీ చూశాడు, ఆ మధ్యలో అతనికేం జరిగింది అని. ఈ మూడింటికీ జవాబు రాసుకున్నాక అజుమా పుస్తకం తెరవాలనిపిస్తే తెరవవచ్చు.