రైలింజను గార్డు నుంచి పికప్ గార్డు దాకా

 

వచ్చే ఆదివారం కమిటీ ముందుకు ఒక చిన్న ఖర్చు వస్తోంది. మన సంఘం పికప్‌కు పెద్ద టైర్లు వేయించాక ముందరి క్రాష్ గార్డు అడ్డం వస్తోంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు అంచు గార్డు కింది పైపుకు రాసుకుంటోంది. గార్డు మూల కోయించాలా, ఎత్తుగా ఉండే వేరే గార్డు కొనాలా, మొత్తానికే తీసేయాలా అని మూడు మాటలు నడుస్తున్నాయి. డ్రైవరు తమ్ముడు కోయిద్దాం అంటున్నాడు. కోశాధికారి గారు వెల్డింగుకు ఎంతవుతుందని అడుగుతున్నారు.

మేము ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే గూడ్సు ఆఫీసులో కాగితాలు రాసినవాళ్ళం. ఈ గార్డు మొదట పుట్టింది మా రైల్వేలోనే. అందుకని దాని చరిత్ర ముందు చెప్పి, తర్వాత మా అభిప్రాయం చెబుతాం. మేము చదివింది తమిళ మీడియంలో. ఈ తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. కొంచెం పొడుగు ఉంది, ఓపికగా చదవండి.

మా రైల్వేలో గార్డు అంటే వెనక పెట్టెలో పచ్చజెండా పట్టుకుని వచ్చే మనిషి. 2022 నుంచి ఆయన్ను ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఇప్పుడు మనం మాట్లాడుతున్నది ఇంజను ముందర ఉండే ఇనుప గార్డు సంగతి.

పశువు, పట్టా

1830లో ఇంగ్లండులో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మొదలైంది. ఆ తొలి రోజుల్లోనే, పట్టాల మీద అడ్డం వచ్చినదాన్ని పక్కకు తోసేసే చట్రం ఒకటి ఇంజను ముందు ఉండాలని చార్లెస్ బాబేజ్ సూచించాడు. కంప్యూటరుకు తాత అని చెప్పుకునే బాబేజ్ ఆయనే. ఆ సూచన అప్పుడు పనిలోకి రాలేదు. ఇంగ్లండులో లైను పక్కన కంచె కట్టే పద్ధతి ఉండేది, పశువులు అంత సులభంగా పట్టాల మీదికి వచ్చేవి కావు.

అమెరికాలో కంచెలు లేని బయలు భూములు. ఇంగ్లండులో తయారైన జాన్ బుల్ అనే ఇంజను అక్కడికి ఓడలో వెళ్ళింది. దాన్ని బిగించిన ఐజాక్ డ్రిప్స్ అనే మెకానిక్ 1830లలోనే దాని ముందు చక్రాలతో సహా ఒక చట్రం చేర్చాడు. తర్వాత అమెరికా ఇంజన్లన్నిటికీ కౌక్యాచర్ అనే ముక్కు వచ్చింది. పేరులో పట్టుకోవడం ఉన్నా అది పశువును పట్టుకోదు, పట్టాల అవతలికి విసిరేస్తుంది.

ఎందుకు విసరాలి? రైలు పక్కకు తప్పుకోలేదు. 58 వ్యాగన్ల ఖనిజం రేకు నిండుగా ఉంటే నాలుగు వేల టన్నులకు పైనే బరువు. బ్రేకు వేసిన చోట అది నిలబడదు. ఒక ఎనుము చక్రం కిందికి వెళ్ళిందంటే బండి పట్టాలు తప్పవచ్చు, వెనక వందల మంది ప్రాణాలుంటాయి. అంటే గార్డు పెట్టింది ఇంజను మొహం చెడకుండా ఉండడానికి కాదు, చక్రం పట్టా దాటకుండా ఉండడానికి. చక్రాన్ని కాపాడడమే దాని పని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

మన లైను మీద

1871లో మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను రాయచూరు దగ్గర కలిశాయి. 1884లో సదరన్ మరాఠా రైల్వే బళ్ళారి–హొసపేట లైను తెరిచింది. 1908లో అది మద్రాసు కంపెనీతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1951లో సదరన్ రైల్వే, 1966లో సౌత్ సెంట్రల్, 2003లో సౌత్ వెస్టర్న్. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వెళ్ళి బళ్ళారి మైసూరులోకి వెళ్ళినా, పట్టాలు మాత్రం ఎక్కడా తెగలేదు. మన చుట్టాలు రెండు వైపులా ఉన్నట్టే రైలుకు కూడా రెండు వైపులా పని.

మీటరుగేజి రోజుల్లో వైపీ, వైజీ ఇంజన్ల ముందు కడ్డీలు వరసగా పేర్చిన కౌక్యాచర్ ఉండేది. డీజిలు, కరెంటు ఇంజన్లకు క్యాటిల్ గార్డ్ అని వచ్చింది. దానికి తోడు చక్రానికి సరిగ్గా ముందు, పట్టాకు బెత్తెడు ఎత్తులో రైల్ గార్డ్ అని ఇంకొకటి. పశువు తగిలి బండి ఆగితే ఆఫీసు కాగితాల్లో దాన్ని సీఆర్‌ఓ అని రాస్తారు, క్యాటిల్ రన్ ఓవర్ అని అర్థం. ఎన్ని నిమిషాలు లేటు, ఏ కిలోమీటరు దగ్గర, బ్రేకు పైపు ఏమైనా ఊడిందా అని వివరాలు రాయాలి. ఎనుము ఎవరిదన్న గడి మాత్రం ఎప్పుడూ ఖాళీయే. తనదని చెప్పుకుంటే ఎక్కడ జరిమానా కట్టమంటారోనని ఎవరూ ముందుకు రారు.

ఇంకొక సంగతి. 2022 అక్టోబరు 6న అహ్మదాబాదు దగ్గర కొత్త వందేభారత్ రైలుకు ఎనుములు తగిలి ముందరి ముక్కు పగిలిపోయింది. ఫోటోలు చూసి మన గ్రూపులో కూడా నవ్వారు, ఎనుముకు విరిగే రైలా అని. ఆ ముక్కు ఫైబరుతో చేసినది. దెబ్బ తాను తిని, వెనక ఉన్న అసలు చట్రానికి తగలకుండా చూడడం దాని పని. ముక్కు మార్చారు, రైలు మరుసటి రోజే నడిచింది. విసిరేసే ఇనుముతో మొదలైన రైల్వేలో కూడా ఇప్పుడు పగిలిపోయే ముక్కు వచ్చింది.

రోడ్డు మీదికి ఎలా దిగింది

రోడ్డు బండ్లకు ఈ గార్డు బాగా అలవాటైంది ఆస్ట్రేలియాలో. అక్కడ రాత్రిపూట కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు. రేడియేటరు పగిలితే ఆ ఎడారిలో నీళ్ళు కూడా దొరకవు. అందుకని బుల్ బార్ పెట్టుకున్నారు. వాళ్ళ అవసరం నిజమైనదే.

మన దగ్గరికి అది ఎక్కువగా జీపుల మీద వచ్చింది. 2000లో బొలెరో, 2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న బండ్లు ప్రతి వీధిలోకీ వచ్చాయి. మన జిల్లాకు దాంతో పాటే ఇనుప ఖనిజం గిరాకీ వచ్చింది. చైనాకు ఖనిజం పోతున్న ఆ ఏళ్ళలో రైలు రేకులు చాలక సండూరు, హొసపేట రోడ్ల నిండా లారీలే. ఎర్రదుమ్ములో ఎదురుగా ఏముందో కనబడేది కాదు. చిన్న బండి వాళ్ళకు భయం వేసింది, ముందర ఇనుము బిగించుకున్నారు. డబ్బు చేసినవాళ్ళు హోదా కోసం ఇంకా లావు ఇనుము బిగించుకున్నారు. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారిలో మైనింగు ఆపింది. లారీలు తగ్గాయి కానీ గార్డులు మాత్రం బండ్ల మీద అట్లాగే ఉండిపోయాయి.

గార్డు ఏం చేస్తుంది

చిన్న చిన్న గీతలు, పార్కింగులో తగిలే దెబ్బలు గార్డు ఆపుతుంది. ఆ మేరకు ఉపయోగమే. పెద్ద దెబ్బ అయితే లెక్క వేరు.

ఇప్పటి బండ్ల ముందుభాగాన్ని కంపెనీవాళ్ళు నలిగేటట్టు చేస్తారు. బండి ఒకటిన్నర అడుగు నలిగి ఆగితే ఒక దెబ్బ. అదే వేగంలో అర అడుగులోనే ఆగితే లోపలి మనిషికి మూడింతల దెబ్బ. ఇది హైస్కూలు ఫిజిక్సే. గార్డు కాళ్ళు నేరుగా చాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటాయి. నలగాల్సిన భాగానికి నలిగే అవకాశం ఇవ్వకుండా దెబ్బను నేరుగా చాసిస్‌లోకి, అక్కడినుంచి సీట్లోకి పంపిస్తాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో సెన్సరు లెక్క కూడా తప్పవచ్చు.

మనవాళ్ళలోనే ఒక కుర్రవాడి సంగతి మీకు తెలుసు, పేరు రాయం. రాత్రి లైటు లేకుండా ఆగివున్న ట్రాక్టరు ట్రాలీని పికప్‌తో గుద్దాడు. గార్డు సొట్ట కూడా పోలేదు, చాసిస్ వంగింది, స్టీరింగు ఛాతీకి కొట్టుకుంది. బతికాడు, దేవుడి దయ. కానీ ఇవాళ్టికీ బస్తా ఎత్తలేడు. వాళ్ళ అమ్మ మన సమావేశానికి వచ్చినప్పుడల్లా ఇంకో పని ఏమైనా చూడమని అడుగుతూనే ఉంది.

బయటి మనిషి సంగతి ఇంకా ఘోరం. కంపెనీ బానెట్టు రేకు కొంత వంగుతుంది. గార్డు పైపు వంగదు. పెద్దమనిషికి తొడ, నడుము దగ్గర తగిలేది చిన్నపిల్లలకు ఛాతీకో తలకో తగులుతుంది. ఐరోపాలో ఇందుకే 2005లో ఈ గార్డుల మీద ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. మన సంఘం బండి ఎక్కువగా తిరిగేది కల్యాణ మంటపాల దగ్గర, బడుల ముందు, సందుల్లో. షామియానా, పాత్రలు దింపేటప్పుడు చుట్టూ ఉండేది మన పిల్లలే.

రైలు తప్పుకోలేదు, ఆగలేదు, అందుకే దానికి ఇనుము. పికప్‌కు స్టీరింగు ఉంది, బ్రేకు ఉంది.

చట్టం మాట

2017 డిసెంబరు 7న కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకు లేఖ రాసింది. క్రాష్ గార్డులు, బుల్ బార్‌లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని దాని సారాంశం. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో, కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఏ చేర్చారు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. జరిమానా పడేది యజమానికి. బండి సంఘం పేరు మీద ఉంది, అంటే మనందరికీ. ఎక్కడైనా ప్రమాదం జరిగితే బండికి ఉన్న ఈ మార్పు మీద మొదటి ప్రశ్న వస్తుంది.

ఇక టైరు సంగతి

పెద్ద టైర్లు ఎందుకు వేశారో మాకు తెలుసు. సిరుగుప్ప వైపు నల్లరేగడిలో, కాలువ గట్ల మీద వానాకాలం బండి దిగబడుతోంది. కారణం న్యాయమే, కానీ లెక్క చూడండి. 215/75 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే సుమారు 733. ముందువైపు 15 మిల్లీమీటర్లు, పక్కకు ఒక్కోవైపు 10 మిల్లీమీటర్లు పెరిగింది. చూడడానికి వేలెడు కూడా లేదు. కానీ స్టీరింగు తిప్పినప్పుడు టైరు ముందరి అంచు బంపరు మూలకు జరుగుతుంది. లోడు ఉండి బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగుతుంది. గార్డు కింది పైపు సరిగ్గా అక్కడే ఉంది. ఖాళీ బండిని షాపులో తిప్పి చూసి సరిపోయిందనుకుంటే, లోడుతో గుంతలో దిగినప్పుడు టైరు పక్కగోడ కోసుకుపోతుంది. పక్కగోడకు పంచరు వేయలేం. స్పీడోమీటరు 60 చూపిస్తే బండి నిజంగా 62కు పైన పోతుంటుంది, అది అదనం.

చక్రాన్ని కాపాడడానికి పుట్టిన వస్తువు ఇప్పుడు చక్రాన్నే కోస్తోంది. మూల కోయిస్తే రాపిడి పోతుంది కానీ కోసిన పైపు అంచు కత్తిలా మిగులుతుంది. ఎత్తు గార్డు కొంటే డబ్బు పోయి, దెబ్బ ఇంకా పైకి, పిల్లల తల ఎత్తుకు వస్తుంది. కాబట్టి మా సలహా ఇది:

1. గార్డు మొత్తం తీసేయాలి. వేరేది వద్దు. కంపెనీ బంపరు సరిచూసి బిగించాలి.

2. చాసిస్‌కు గార్డు కోసం వేసిన రంధ్రాలు ఉంటే, చుట్టూ పగుళ్ళు ఉన్నాయేమో మెకానిక్‌తో చూపించి, తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూయించాలి.

3. గార్డుకు తగిలించిన నంబరు ప్లేటు, హారను, లైట్ల వైర్లు మళ్ళీ అసలు చోటికి రావాలి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూడాలి.

4. టైర్లు కంపెనీ చెప్పిన సైజుకే మార్చాలి. బురద కోసమైతే అదే సైజులో లోతైన అచ్చు ఉన్న టైర్లు అడగాలి. ఈ టైర్లు ఇంకా కొత్తవే, మార్పిడికి ఇస్తే ఎంతో కొంత వస్తుంది.

5. తర్వాత లోడు వేసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఒక చక్రం గట్టు మీద ఎక్కించి చూడాలి. రబ్బరు రాసుకున్న గుర్తు ఎక్కడా ఉండకూడదు.

తీసిన గార్డును పాత ఇనుముకు వేస్తే వచ్చే డబ్బు బంపరు ఖర్చుకు కలుస్తుంది. కోశాధికారి గారు ఆ లెక్క రాసుకోవాలి. దాన్ని ఇంకొకరి బండికి మాత్రం అమ్మవద్దు, దానమూ ఇవ్వవద్దు.

డ్రైవరు తమ్ముడికి ఒక మాట. గార్డు లేకపోతే ముందర బోసిగా ఉంటుంది, ధైర్యం తగ్గుతుంది అన్నావు. తగ్గనీ నాయనా. ఆ తగ్గిన ధైర్యం కాలును బ్రేకు దగ్గర పెడుతుంది. సీటు బెల్టు పెట్టుకో, రాత్రి వేగం తగ్గించు.

ఆదివారం సభ్యులందరూ రండి. ఇళ్ళలో పికప్‌లు ఉన్నవాళ్ళు మీ బండ్లకు కూడా ఒకసారి స్టీరింగు తిప్పి చూసుకుని రండి.