కాపలా ముందు, లెక్క తరువాత

సముద్ర రక్షిత ప్రాంతాలను తీరవాసులే స్వచ్ఛందంగా పరిశీలించే పద్ధతికి చరిత్ర రాసేవారు ఎక్కువగా 1990ల నుంచి మొదలుపెడతారు. 1993లో అమెరికాలో రీఫ్ అనే సంస్థ డైవర్ల చేత చేపలు లెక్కపెట్టించింది. గ్రెగర్ హాడ్జ్‌సన్ ప్రారంభించిన రీఫ్ చెక్ 1997లో ఆ పనిని దేశదేశాలకు విస్తరించింది. ఆ తరువాత నమూనా పట్టికలు, శిక్షణ శిబిరాలు వచ్చాయి. శాస్త్రజ్ఞులు నేర్పారు, జనం నేర్చుకున్నారు అన్నది ఈ కథ సారాంశం. ఫిలిప్పీన్స్ అనుభవం ఈ వరుసకు ఒదగదు.

మొదటి ఘట్టం అందరికీ తెలిసిందే. విసయాస్ దీవుల్లో పేలుడు పదార్థాలతో, సయనైడుతో చేపలు పట్టడం పెరిగి పగడపు దిబ్బలు పాడయ్యాయి. దుమగెటె పట్టణంలోని సిల్లిమన్ విశ్వవిద్యాలయ జీవశాస్త్రజ్ఞుడు ఏంజెల్ అల్కాలా ప్రోద్బలంతో 1974లో సెబు దీవి ఆగ్నేయపు కొసన ఉన్న సుమిలోన్ దీవి దిబ్బలో సుమారు నాలుగోవంతును వేటకు మూసేశారు.

ఆ తరువాతి కథ మీదనే నాకు పేచీ. రక్షణ తీసేస్తే ఏమవుతుందో చూపిన సహజ ప్రయోగంగా పాఠ్యపుస్తకాలు సుమిలోన్‌ను పేర్కొంటాయి. అది నిజమే. స్థానిక రాజకీయాలు మారి 1984లో కట్టుబాటు తెగింది, వలలు లోపలికొచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే దీవి చుట్టూ చేపల దిగుబడి దాదాపు సగానికి పడిపోయిందని అల్కాలా, ఆస్ట్రేలియా పరిశోధకుడు గ్యారీ రస్ లెక్క తేల్చారు. లోపలి వేట ఆగితే బయటి వలలు నిండుతాయన్న వాదానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం అప్పటికి లేదు. 1987లో మళ్లీ మూశారు, 1992లో మళ్లీ తెరిచారు. అంత శ్రద్ధగా లెక్కపెట్టిన దిబ్బను ఆ లెక్కలు ఎందుకు కాపాడలేకపోయాయన్న ప్రశ్నను మాత్రం పుస్తకాలు దాటవేస్తాయి.

నాకు తోచిన కారణం ఇది. లెక్కపెట్టినవారు జలసంధికి అవతల, దుమగెటె ఉన్న నెగ్రోస్ దీవి నుంచి వచ్చారు. ఉత్తర్వు పట్టణం నుంచి వచ్చింది. సుమిలోన్‌కు ఎదుటి తీరాన ఉన్న ఓస్లోబ్‌లో వల వేసే జాలరికి రెండూ పరాయివే. ఒక్క మేయరు మొండితనమే అసలు కారణమని కొందరంటారు. కాదనను. కానీ మేయర్లు ప్రతిచోటా మారతారు. మారినప్పుడల్లా కూలిపోయే రక్షణకు పునాదే లేదనాలి.

నెగ్రోస్ తీరానికి దగ్గర్లోని అపో దీవి కథ వేరుగా నడిచింది. సిల్లిమన్ బృందం 1979లో అక్కడికి వెళ్లి మూడేళ్లపాటు జనంతో మాట్లాడుతూనే ఉంది. 1982లో పద్నాలుగు కుటుంబాలు ముందుకొచ్చాయంటారు. ఆగ్నేయ తీరంలో దిబ్బలో పదో వంతును మాత్రమే వేటకు మూసేశారు. ఒడ్డున నిలబడితే ఆ మేరంతా కనిపిస్తుంది. కుటుంబాలు వంతులవారీగా కాపలా కాశాయి. దౌయిన్ మునిసిపాలిటీ ఉత్తర్వు వచ్చింది 1985లో, అంటే కట్టుబాటు కుదిరిన మూడేళ్లకు. ఆ కాపలాదారు చేతిలో పట్టిక లేదు. ఎంతదూరం తెడ్డు వేయాలి, ఎన్ని గంటలకు బుట్ట నిండుతోంది అన్నవే అతని కొలతలు.

శాస్త్రం పాత్రను తగ్గించడం నా ఉద్దేశం కాదు. అపో జాలర్లను సుమిలోన్‌కు తీసుకెళ్లి చేపల గుంపులను కళ్లారా చూపింది అల్కాలాయే. 1983 నుంచి ఆయనా రస్ కలిసి చేసిన గణన లేకపోతే, కాపలా ఉన్నచోట పెద్ద వేటచేపలు పద్దెనిమిదేళ్లపాటు పెరుగుతూనే పోయాయని బయటి ప్రపంచానికి తెలిసేది కాదు. అయితే ఆ అంకెలు ఊళ్లో అప్పటికే నిలబడ్డ నమ్మకానికి బలమిచ్చాయి, నమ్మకాన్ని పుట్టించలేదు. రక్షణ అపోలో నిలిచి సుమిలోన్‌లో కూలడానికి తేడా ఇక్కడే ఉంది.

తరువాతి విస్తరణ చట్టాల పుణ్యం. 1991 స్థానిక పాలన చట్టం, 1998 మత్స్య చట్టం తీరజలాల మీద మునిసిపాలిటీలకు అధికారమిచ్చాయి. బంతాయ్ దాగత్ అనే సముద్ర కాపలా దళాలు ఊరూరా పుట్టాయి. రక్షిత ప్రాంతాల సంఖ్య వెయ్యి దాటింది. ఇది ప్రాణాల మీదికొచ్చే పని కూడా. సెబు నగరంలో ఈ కార్యక్రమాన్ని నడిపిన ఎల్పిడియో దె లా విక్టోరియా 2006లో తుపాకి కాల్పులకు బలయ్యారు. ఈ పనికి ఫలితమూ ఉంది. స్థానికులు పరిశీలనలో పాల్గొంటే యాజమాన్య నిర్ణయాలు నిజంగానే మారతాయని 2005లో పరిశోధకుడు ఫిన్ డేనియల్‌సన్ బృందం ఫిలిప్పీన్స్ అనుభవంతోనే చూపింది. ఆ ఆధారాలు ఎక్కువగా అడవులవి కనుక సముద్రానికి యథాతథంగా వర్తింపజేయలేం.

ఇక వర్తమానం. 1994లో అపో జాతీయ రక్షిత ప్రాంతమైంది. అప్పటి పర్యావరణ మంత్రి మరెవరో కాదు, అల్కాలాయే. యాజమాన్య మండలిలో దీవివాసులకు చోటుంది గాని చివరి మాట వారిది కాకుండా పోయింది. డైవర్లు చెల్లించే రుసుము ప్రభుత్వ ఖాతాకు వెళ్లి, అందులో దీవి వాటా తిరిగొచ్చేసరికి జాప్యమయ్యేదన్న ఫిర్యాదు పాతదే. 2011, 2012 తుపాన్లు మూసిన మేరలోని పగడాలను చితకగొట్టినప్పుడు ఊరి కాపలా ఒక్కటే చాలదని తేలిందన్నది కూడా నిజం. రాజ్యాన్ని పూర్తిగా బయట పెట్టడం తెలివైన పని కాదు.

అయినా నేటి ధోరణి నాకు మింగుడుపడదు. వెయ్యికి పైగా ఉన్న రక్షిత ప్రాంతాల్లో చాలావాటికి కాపలా పేరుకే మిగిలింది. లెక్కలకు మాత్రం లోటు లేదు. విదేశీ స్వచ్ఛంద డైవర్లు డబ్బు కట్టి మరీ వచ్చి చేపలు లెక్కపెడతారు, నివేదికలు రాజధానికి చేరతాయి. నివేదిక చూసి మూసిన మేరను పెంచాలో తగ్గించాలో తేల్చే హక్కు ఊరికి ఉందా అని అడిగేవారు తక్కువ. ఒక రక్షిత ప్రాంతాన్ని అంచనా కట్టేటప్పుడు అక్కడ ఎన్ని సర్వేలు జరిగాయన్నదాని కన్నా ముందు ఆ ప్రశ్నే వేయాలి. దానికి జవాబు లేనిచోట స్వచ్ఛంద పరిశీలన పరాయి కార్యాలయానికి ఊరు చేసిపెట్టే ఉచిత చాకిరీగా మిగులుతుంది.