కోట లేని మండలంలో కాపాడేదేమిటి?

ఏటా జనవరి 11న జైనూర్ మండలంలోని మార్లవాయికి చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు. ఊళ్ళో రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది. 1987లో అదే రోజున హైదరాబాద్‌లో ఆమె చనిపోతే ఇక్కడికి తెచ్చి సమాధి చేశారు. పక్కది ఆమె భర్త, మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఈ మండలానికి వచ్చినవాళ్ళకు చరిత్ర పేరుతో చూపించగలిగే కట్టడాలు దాదాపు ఇవే. కోట లేదు, గడీ లేదు, శిల్పాల గుడీ లేదు.

మరి ఇలాంటి చోట వారసత్వ పరిరక్షణ అంటే దేన్ని కాపాడడం?

మన దేశంలో ఈ పని కోసమే పుట్టిన పెద్ద స్వచ్ఛంద సంస్థ ఇంటాక్. 1984 జనవరి 27న ఢిల్లీలో సొసైటీగా రిజిస్టరైంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి మూడున్నర వేలకు పైచిలుకు కట్టడాలే. ఇంత దేశంలో మిగతా పాత ఇళ్ళకు, మెట్లబావులకు, చావడులకు దిక్కెవరన్నది అప్పటి ప్రశ్న. ఊరూరా అభిరుచి ఉన్నవాళ్ళను పోగుచేసి శాఖలు పెట్టడం ఇంటాక్ పద్ధతి. ఇప్పుడా శాఖలు రెండు వందలు దాటాయి. సంస్థ ఎదిగింది శాఖల లెక్కలోనే కాదు, చూపులో కూడా. 2004లో చట్టరక్షణ లేని కట్టడాల కోసం ప్రకటించిన నియమావళిలో, కట్టడంతో పాటు దాన్ని కట్టే మేస్త్రీ విద్య కూడా వారసత్వమేనని ఒప్పుకుంది. రాతి నుంచి మనిషి దాకా రావడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

జైనూర్‌లో కథ మనిషితోనే మొదలవుతుంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల గోడేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. వియన్నాలో పుట్టిన ఆయనది అప్పటికి జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచయుద్ధం మొదలవడంతో శత్రుదేశస్థుడై నిజాం రాజ్యం దాటలేని స్థితి. 1941లో మార్లవాయిలో లచ్చు పటేల్ ఆదరణలో కాపురం పెట్టారు. ఆ దంపతులున్న రోజుల్లో ఇక్కడి ఇల్లంటే వెదురు తడిక, మట్టిపూత, గడ్డికప్పు. అలాంటి ఇంటికి నూరేళ్ళ ఆయుష్షు ఉండదు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు మాత్రం లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం భద్రపరిచింది. మార్లవాయి తాతల ముఖాలు చూడాలంటే మనవలు లండన్ వైపు చూడాలి. దాన్ని పరిరక్షణ కాదనలేం, కానీ ముల్లులా గుచ్చుకునే మాటే.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు వచ్చాయి, అవి నాగరి లిపిలో. గోండికి లిపి లేదనే అప్పటి అభిప్రాయం. నాకు ఆశ్చర్యం ఇక్కడే. ఇదే కొండల్లో, పొరుగున ఉన్న నార్నూర్ మండలం గుంజాలలో, ఇళ్ళల్లో గోండికే ప్రత్యేకమైన లిపిలో పాత రాతప్రతులు ఉన్నాయి, చదవగల పెద్దలూ ఉన్నారు. ఆ సంగతి బయటి లోకానికి తెలిసింది 2006లో, ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం అక్కడికి వెళ్ళినప్పుడు. రాతల్లో కొన్ని 1750 ప్రాంతానివని అంచనా. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌లో 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారామ్ తయారుచేసిన గోండి లిపి వేరు. గుంజాల లిపికీ దానికీ పోలిక లేదు.

గుంజాల లిపి హల్లుల వరుస చూడండి. మనం క, ఖ, గ, ఘ అని మొదలుపెడతాం. గుంజాలలో య, వ, బ, భ, మ తర్వాత క, ఖ వస్తాయి. ఎ, ఏ లకు వేర్వేరు గుర్తులుండవు. ఎవరో తెలుగునో నాగరినో చూసి దిద్దుకున్న లిపి అయితే ఈ వరుస ఎక్కడిది? దాని పుట్టుక కథ ఇంకా తేలాల్సిందే.

తర్వాతి పని నెమ్మదిగా, చేతులు మారుతూ సాగింది. ఊరి పెద్దలు అక్షరాలు దిద్దించారు, పరిశోధకులు వాచకాలు సిద్ధం చేశారు, ఫాంట్ వచ్చింది. అన్షుమన్ పాండే ప్రతిపాదనతో 2018లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండికి చోటు దొరికింది. ఇంటాక్ లాంటి పెద్ద పేరేదీ దీని వెనక లేదు. ఒక విశ్వవిద్యాలయం, ఒక ఊరు, కొందరు పట్టుదల గలవాళ్ళు, అంతే.

జైనూర్ మండలానికి ఇంకా రెండు ఆస్తులున్నాయి. ఉషేగావ్‌లో ఓజా కళాకారులు మైనపు అచ్చు మీద మట్టి మెత్తి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఈ ఆదిలాబాద్ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మార్లవాయికే చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024 అక్టోబరులో వెళ్ళిపోయారు. బిరుదు పటం కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. అడుగు మాత్రం దీపావళికి దండారి ఆటకు గజ్జెలు కట్టే కుర్రాడి కాలికే రావాలి.

జైనూర్, నార్నూర్, సిర్పూర్ (యు) బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల ఇళ్ళకు వెళ్ళినప్పుడు అటకమీద చెదలు పట్టిన నోటుపుస్తకమో, అర్థంకాని రాత ఉన్న కాగితాల కట్టో కనిపిస్తే, ఆ ఇంటి పెద్దను అడిగి ఒక్కో పేజీ ఫోన్‌లో ఫొటో తీయండి. ఎవరు రాశారో, ఎప్పటిదో ఆయన నోటి మాటగా రాసుకోండి. పుస్తకాన్ని మాత్రం పట్టుకుపోకండి, ఆ ఇంట్లోనే ఉంచండి.