అవసరమైతే రహదారే రన్‌వే

కొరిశపాడు వద్ద 16వ నంబరు జాతీయ రహదారిలో కొంత భాగం అత్యవసర వేళల్లో రన్‌వేగా మారుతుంది. వాయుసేన సూచించిన ప్రమాణాల మేరకు జాతీయ రహదారుల సంస్థ 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటుతో దీనిని నిర్మించింది. టెర్మినల్ భవనం లేదు, టికెట్లు అమ్మేవారూ లేరు. 2022 డిసెంబరు 29న జరిపిన తొలి విన్యాసాల్లో విమానాలు నేలను తాకకుండానే పైకి లేచాయి. 2024 మార్చి 18న ఏఎన్‌-32, డోర్నియర్‌ రవాణా విమానాలు ఇక్కడ దిగి, తిరిగి ఎగిరాయి. సుఖోయ్‌-30, హాక్‌ జెట్‌లు మాత్రం దిగకుండా తక్కువ ఎత్తులో దూసుకుపోయాయి.

యుద్ధ అవసరాల మాట అటుంచితే, తీరవాసులకు దీని విలువ తుపానుల వేళ తెలుస్తుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో రోడ్లు తెగిపోయి, గ్రామాలకు సహాయం సకాలంలో చేరలేదు. అటువంటప్పుడు సహాయ సామగ్రితో వచ్చే విమానం ఇక్కడే దిగగలదు. విన్యాసాలు జరిగే రోజుల్లో వాహనాలను పక్కదారులకు మళ్లిస్తారు.